నాన్నకి 53 కావాలి

స్టాండప్ కాల్‌లో ఉండగా నాన్న ఫోన్. కట్ చేశాను. మళ్లీ ఫోన్. మూడోసారికి భయమేసి ఎత్తాను.

"ఒరే అబ్బాయ్, మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. వెనక గదులకి ప్లాస్టింగ్ మొదలెడతానంటున్నాడు. ఏ సిమెంట్ తెప్పించమంటావ్? నువ్వు సివిల్ కదా!"

అవును, నేను సివిల్. బీటెక్ పట్టా మీద అలాగే ఉంది. ఆ పట్టా చేతికొచ్చిన రెండు నెలలకే హైదరాబాద్‌లో జావా ట్రైనింగ్‌లో కూర్చున్నాను. అప్పటి నుంచి కోడ్ రాయడమే పని. ఇంతవరకు ఒక్క సిమెంట్ బస్తా కొన్న పాపాన పోలేదు. మీ క్లాసులో కూడా నాలాంటి వాళ్లు సగం మంది ఉండే ఉంటారు. చదివింది ఒకటి, చేసేది ఒకటి. కానీ ఇంట్లో గోడ కూలితే మాత్రం మనమే ఇంజనీర్లం.

"సాయంత్రం చెప్తా నాన్నా" అన్నాను.

"మేస్త్రి 53 గ్రేడ్ అంటున్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. నంబర్ పెద్దది కదా" అన్నారాయన.

మా ఇల్లు ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేరు పక్క ఊళ్లో. 2024 సెప్టెంబర్ మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి విజయవాడలో సగం మునిగింది. టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు తర్వాత ఎటు పోయాయో ఎవరూ చూపించలేదు. మా దగ్గరికే వచ్చాయి. బుడమేరు వచ్చి కలిసేది కొల్లేరులోనే. ఇటు తమ్మిలేరు కూడా అందులోకే. ఇన్ని నీళ్లూ సముద్రానికి పోవాలంటే ఉన్న దారి ఒక్క ఉప్పుటేరే. అది నిదానంగా లాగుతుంది. ఈలోగా నీళ్లు ఇళ్లల్లో కాపురం ఉంటాయి.

మా వెనక గదుల్లో మోకాలి ఎత్తు వరకు నిలబడి, తీసేశాయి. తీసిన నెలకి గోడల కింద తెల్లగా ఉప్పు తేలింది. ఆ తర్వాత ప్లాస్టింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడటం మొదలైంది. చీపురుతో ఊడిస్తే చేటెడు ఇసుక వచ్చేది. అమ్మ రోజూ పొద్దున్నే అదే పని. "ఇల్లు రాలిపోతోందిరా" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. అది రెండుసార్లు విన్నాను.

సిమెంట్ గురించి ఆ సాయంత్రం ఎందుకు చెప్పలేకపోయానో ముందు చెప్పాలి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఫైనల్ ఇయర్‌లో మా బ్యాచ్ ప్రాజెక్ట్ సరిగ్గా ఇదే సబ్జెక్ట్. సిమెంట్‌లో కొంత తీసేసి, దాని బదులు ఊక బూడిద కలిపితే మాలుకి ఎంత బలం వస్తుంది? సున్నా, 5, 10, 15, 20 శాతం. ఒక్కో పాళ్లకి క్యూబులు పోయాలి. 3 రోజులకి, 7 రోజులకి, 28 రోజులకి మిషన్‌లో పెట్టి పగలగొట్టాలి. మేం ఆలస్యంగా మొదలుపెట్టాం. 7 రోజుల క్యూబులు పగలగొట్టాక చూసుకుంటే, సబ్మిషన్‌కి మిగిలింది 10 రోజులు. 28వ రోజు వచ్చేసరికి మేం ఇళ్లల్లో ఉంటాం.

ఏం చేశామో ఊహించే ఉంటారు. మామూలు సిమెంట్ 28 రోజుల బలంలో సుమారు 65 శాతం 7 రోజులకే వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. మా 7 రోజుల అంకెలన్నిటినీ 0.65తో భాగించాం. ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా, కిందికి లాగితే కాలమ్ నిండిపోయింది. పేపర్లలో 10 శాతం దగ్గర బలం ఎక్కువ అని ఉంటుంది కాబట్టి ఆ గడిలో ఇంకాస్త కలిపాం. గ్రాఫ్ అందంగా వచ్చింది. మంచి మార్కులు పడ్డాయి. క్యూబులు మాత్రం ల్యాబ్ నీళ్ల తొట్టిలోనే ఉండిపోయాయి.

అబద్ధం ఆడామన్నది ఒక బాధ. అంతకంటే పెద్ద తెలివితక్కువతనం ఇంకోటి ఉంది, అది నాకు అర్థమయ్యింది ఈ గోడ దగ్గరే. ఆ 0.65 మామూలు సిమెంట్ లెక్క. బూడిద కలిపిన సిమెంట్ ఆ వేగంతో నడవదు. అది నిదానంగా మొదలై చాలాకాలం పెరుగుతూ పోతుంది. మేం కనిపెట్టాల్సిందే ఆ నిదానం. దాన్నే ఒక్క ఫార్ములాతో చెరిపేశాం.

సరే, నాన్న అడిగిన 53 సంగతికి వద్దాం.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చాలామంది మేస్త్రీలకే కాదు, మా క్లాస్‌మేట్లకి కూడా గుర్తుండదు. ఒక వంతు సిమెంట్, మూడు వంతుల ఇసుక. ఇసుక కూడా ఏదో ఒకటి కాదు, తమిళనాడులోని ఎన్నోర్ నుంచి వచ్చే ప్రామాణిక ఇసుక. దాంతో పక్కకి 70.6 మిల్లీమీటర్లు ఉండే చిన్న క్యూబు పోస్తారు. 27 డిగ్రీల దగ్గర నీళ్లలో 28 రోజులు నానబెట్టి మిషన్‌లో నొక్కుతారు. చదరపు మిల్లీమీటరుకి 53 న్యూటన్లు తట్టుకుంటే 53 గ్రేడ్. అంటే అరచేతిలో పట్టే ఆ ముక్క సుమారు 27 టన్నులు మోయాలన్నమాట.

పీపీసీ అని ఇంకో రకం ఉంది. పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంట్. అందులో 15 నుంచి 35 శాతం దాకా థర్మల్ ప్లాంట్ బూడిద ఉంటుంది, అంటే ఫ్లైయాష్. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ ప్లాంట్ పక్కగా ఎప్పుడైనా వెళ్లి ఉంటే ఆ బూడిద ఎంత పేరుకుంటుందో తెలుస్తుంది. పీపీసీకి ఐఎస్ఐ పెట్టిన కనీస బలం 3 రోజులకి 16, 7 రోజులకి 22, 28 రోజులకి 33. అదే 53 గ్రేడ్‌కి 27, 37, 53.

నాన్న చూసింది ఈ తేడానే. "33 ఎక్కడ, 53 ఎక్కడ!" అన్నారు.

ఇప్పుడు మా గోడ లెక్క చూడండి. ప్లాస్టింగ్‌కి మేస్త్రి కలిపేది ఒకటికి ఆరు. ఒక వంతు సిమెంట్, ఆరు వంతుల గోదావరి ఇసుక. ఇటుక కట్టుబడి కోడ్‌లో ఆ పాళ్లకి 28 రోజుల్లో ఉండాల్సిన బలం ఎంతనుకుంటున్నారు? 3. ముప్ఫై మూడు కాదు, మూడే. అంతే సైజు క్యూబు అయితే ఒకటిన్నర టన్ను మోస్తే చాలు. ఒకటికి నాలుగు కలిపితే 7.5, ఒకటికి మూడైతే 10.

అంటే 53 మంచిదా 33 మంచిదా అని తండ్రీ కొడుకులం ఫోన్‌లో అరుచుకుంటున్నది 3 కావాల్సిన గోడ కోసం! 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పంపినట్టు ఉంది. పైగా ప్లాస్టింగ్ మాలు మరీ గట్టిదైతే నష్టమే. ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, సన్న పగుళ్లు ఇస్తుంది. కింద ఉన్న పాత ఇటుక మెత్తగా, పైన పెంకు గట్టిగా ఉంటే కొన్నాళ్లకి ఆ పెంకు ఇటుకని కూడా పట్టుకుని ఊడుతుంది. మా గోడల్లో ఊడిన పెచ్చుల వెనక ఎర్రటి ఇటుక పొడి అంటుకుని ఉంది. గతంలో వరద తర్వాత రిపేరుకి నాన్న స్పెషల్‌గా 'రిచ్‌గా కలపండి' అని చెప్పి చేయించిన భాగమే ముందు ఊడింది.

మా ఇంట్లో తాతయ్య కట్టిన ముందు గది ఒకటుంది. గానుగ సున్నంతో చేసిన గోడలు. ఎడ్లతో గానుగ తిప్పించి, సున్నం, ఇసుక మెత్తగా నూరి చేసిన మాలు. మిషన్‌లో పెడితే ఆ సున్నానికి వచ్చే అంకె చూసి నాన్న నవ్వుతారు. కానీ అదే నీళ్లల్లో ఆ గది కూడా నిలబడింది. దాని గోడ పెచ్చు ఊడలేదు. తేమ లోపలికి పోయింది, తిరిగి బయటికి వచ్చేసింది.

బూడిద వేస్తే బలం ఎలా వస్తుంది అన్నది అమ్మ అడిగిన ప్రశ్న. అంట్లు తోమే బూడిద కదా మరి.

సిమెంట్‌లో నీళ్లు పోస్తే రెండు పుడతాయి. ఒకటి జిగురు లాంటి పదార్థం, ఇసుక రేణువుల్ని పట్టి ఉంచేది అదే. రెండోది సున్నం. ఈ సున్నం బలానికి పెద్దగా పనికిరాదు. నీళ్లల్లో కరుగుతుంది, ఉప్పు నీళ్లు లోపలికి దూరడానికి దారి ఇస్తుంది. బూడిదలో ఉన్న సిలికా ఆ మిగిలిపోయిన సున్నాన్ని పట్టుకుని మళ్లీ అదే జిగురుగా మారుస్తుంది. సందులు మూసుకుంటాయి. రెండు వేల ఏళ్ల నాటి ఉపాయం ఇది. రోమన్లు పోజువోలి అనే ఊరి దగ్గర అగ్నిపర్వతం బూడిద కలిపారు, పోజోలానా అన్న పేరు అక్కడిదే. మన వాళ్లు కాల్చిన ఇటుకని పొడి చేసి సున్నంలో కలిపారు, దాన్ని సుర్కీ అన్నారు.

కానీ ఈ రెండో పని మొదలవ్వాలంటే ముందు మొదటి పని జరగాలి. సున్నం పుట్టాలి, అప్పుడే బూడిద దాన్ని తినగలదు. అందుకే ఆలస్యం. ఇంకో షరతు, లోపల తడి ఉన్నంతసేపే ఈ పని నడుస్తుంది. ఎండిందా, ఆగిపోయింది. యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోంచి తీసేస్తే డౌన్‌లోడ్ ఆగిపోయినట్టు.

ఇదంతా చెప్పాక కూడా నాన్న ఒప్పుకోలేదు. నాకే నా మాట మీద పూర్తి నమ్మకం లేదు. నమ్మకం ఉండాల్సిన 28వ రోజు కాలమ్ నేనెప్పుడూ చూడలేదు కదా. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరెళ్లాను.

వెళ్తూ వెళ్తూ తాడేపల్లిగూడెంలో దిగాను. ఆ ఊళ్లో రైస్ మిల్లులకి కొదవలేదు, మా ఫ్రెండ్ వాళ్ల బాబాయ్ ఒక మిల్లులో పనిచేస్తారు. ఊక సంగతి తీస్తే ఆయన నోటి లెక్కలు చెప్పేశారు. వంద కిలోల ధాన్యం ఆడితే సుమారు 20 కిలోల ఊక. ఆ ఊక కాలిస్తే సుమారు 4 కిలోల బూడిద. అందులో సిలికా 85 శాతం పైనే ఉంటుందన్నది మాత్రం నా పుస్తకం లెక్క. వరి మొక్క భూమిలోంచి ఇంత సిలికా తోడి ఊకలో దాచుకుంటుంది. గోదావరి జిల్లాల్లో ఎంత ధాన్యం ఆడతారో తెలిసిన వాళ్లు మిగతా గుణకారం చేసుకోండి. ఇక్కడ ఊక వృథా పోదు, బాయిలర్లలో, ఇటుక బట్టీల్లో మండుతుంది. చివర మిగిలే బూడిదే ఎవరికీ అక్కర్లేదు. గాలి వీస్తే కళ్లల్లో పడేది అదే.

"తీసుకెళ్లు బాబూ, ఎంత కావాలంటే అంత. నువ్వు డబ్బులివ్వక్కర్లేదు, మేమే ఇవ్వాలి" అన్నారాయన.

అక్కడే తెలిసింది నా ప్రాజెక్ట్‌లోని రెండో బోడిపని. బూడిద అంటే ఒకటే అనుకున్నాం మేం. ఏ మిల్లుదో కూడా రిపోర్ట్‌లో రాయలేదు. ఊకని 500 నుంచి 700 డిగ్రీల మధ్య అదుపులో కాలిస్తే సిలికా చురుగ్గా ఉంటుంది, సున్నాన్ని పట్టుకుంటుంది. మంట అంతకంటే బాగా పెరిగితే సిలికా స్ఫటికంగా మారి బిగుసుకుపోతుంది, అది ఇసుకతో సమానం. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. మంట సరిపోకపోతే కాలని బొగ్గు మిగిలి నల్లగా ఉంటుంది, అది నీళ్లు తాగేస్తుంది. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో పి. కుమార్ మెహతా అనే మన దేశం ప్రొఫెసర్ 1970ల్లో ఈ ఊక బూడిద సిమెంట్ మీద పనిచేశారు. ఆయన ముఖ్యంగా కుస్తీ పట్టింది కాల్చే పద్ధతితోనే. మిల్లు బాయిలర్‌కి ఆ పట్టింపు ఏముంది? దానికి ఆవిరి కావాలి, అంతే. నేను తెచ్చిన సంచిలో ఒక పిడికిలి తెల్లగా, ఇంకో పిడికిలి నల్లగా ఉంది.

2024 నవంబర్ 17, కార్తీకమాసం ఆదివారం. వెనక ప్రహరీ గోడ మీద పాత ప్లాస్టింగ్ గీకించి, మేస్త్రి గారిని బతిమాలి, మూడు పట్టీలు వేయించాను. ఒకటి 53 గ్రేడ్. రెండోది పీపీసీ. మూడోది 53 గ్రేడ్‌లో పదో వంతు తీసి ఊక బూడిద. బూడిదని అమ్మ మిక్సీలో పట్టి పిండి జల్లెడతో జల్లించాను. (ఆ మిక్సీ జార్ గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడకూడదు.) మూడింటికీ ఒకటికి ఆరే. ఒక్కో పట్టీని మధ్యలో గీత గీసి రెండు చేశాను. ఎడమ సగానికి గోనెపట్టా కట్టి రెండు వారాలు తడిపాను. కుడి సగాన్ని సైట్లలో వదిలేసినట్టే వదిలేశాను.

మేస్త్రి గారు అంతా చూసి, "బాబుగారూ, నాకు సిమెంట్ మీద అనుమానం లేదండి. మీ మీదేనండి" అన్నారు.

"అదేంటండీ?"

"నేను ప్లాస్టింగ్ చేసి వెళ్లిపోతానండి. తడపాల్సింది ఇంటోళ్లు. మొదటి రోజు బాగానే తడుపుతారండి, రెండో రోజు సాయంత్రం గుర్తొస్తుంది, మూడో రోజు పెళ్లుంటుంది. నెలకి ఇసుక రాలితే మేస్త్రి దొంగ. అందుకే తొందరగా గట్టిపడేది అడుగుతానండి. ఆయ్."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్లుగా తాపీ పట్టిన మనిషి 53 అడుగుతున్నది అంకె మీద మోజుతో అనుకున్నాను. ఆయన లెక్కలో మన బద్ధకం కూడా ఉంది.

నవంబర్ 24, ఏడో రోజు. ఇనప మేకుతో గీశాను. తడిపిన సగాల్లో 53 మీద సన్న గీత. పీపీసీ మీద లోతుగా దిగింది. ఊక బూడిద పట్టీ రాలింది, పైగా మీద జుట్టు పోగుల్లా పగుళ్లు. కలిపేటప్పుడే అది పొడిపొడిగా ఉందని మేస్త్రి గారు ఇంకో చెంబు నీళ్లు పోశారు. నల్ల బొగ్గు ఆ నీళ్లు తాగేసింది. నాన్న ఏమీ అనలేదు. వెనక చేతులు కట్టుకుని చూసి వెళ్లిపోయారు. అనకపోవడమే ఎక్కువ.

డిసెంబర్ 15, 28వ రోజు. సబ్మిషన్ అయిపోయిన ఇన్నేళ్లకి ఆ రోజుకి చేరుకున్నాను. తడిపిన పీపీసీ బాగా గట్టిపడింది, 53 కంటే కొంచెం వెనక. తడపని పీపీసీ మీద చెయ్యి రాస్తే ఇసుక అరచేతికి అంటింది. ఆరు గళ్లల్లో అంతకంటే అధ్వానం తడపని ఊక బూడిదది ఒక్కటే. తడపని 53 కూడా అంత గొప్పగా లేదు గానీ, పీపీసీ కంటే నయం. మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా అదే.

జనవరి 12, భోగి ముందు రోజు, 56వ రోజు. తడిపిన 53, తడిపిన పీపీసీ. మేకు గీత చూసి ఏది ఏదో చెప్పమని నాన్నని, మేస్త్రి గారిని విడివిడిగా అడిగాను. నాన్న తప్పు చెప్పారు. మేస్త్రి గారు చెప్పలేనన్నారు. ఊక బూడిద పట్టీ కూడా తడిపిన వైపు ఆశ్చర్యంగా గట్టిపడింది, పగుళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. సరిగ్గా కాల్చి, మెత్తగా నూరి, నీళ్లు తగ్గించే మందు కలిపి ఉంటే ఎలా ఉండేదో. మిక్సీ జార్‌తో అయ్యే పని కాదు.

ఇది పరీక్ష కాదని నాకు తెలుసు. ఒక గోడ, ఒక మేస్త్రి, ఒక మేకు. దీన్ని చూపించి ఎవరితోనూ వాదించకండి. నా ప్రాజెక్ట్ రిపోర్ట్ కంటే నిజం, అంతవరకే.

చివరికి వెనక గదులకి పీపీసీయే తెప్పించారు. సగం నా మాట మీద, సగం దాని ధర మీద. మీ ఇంట్లో ఇలాంటి పని ఉంటే పనికొచ్చే రెండు ముక్కలు చెప్తాను. బస్తా మీద ఏ వారంలో తయారైందో వేసి ఉంటుంది, మూడు నెలలు దాటినది తీసుకోకండి. ఫ్లైయాష్ ఎంత శాతమో కూడా చాలా బస్తాల మీద ఉంటుంది. ఆల్రెడీ బూడిద ఉన్న పీపీసీలో సైట్ దగ్గర మళ్లీ బూడిద కలిపితే మాత్రం వద్దని చెప్పండి. కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 మామూలు సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఇలాంటి కలిపిన సిమెంట్లకి కనీసం 10 రోజులు తడి ఉంచమంటుంది. గోడకైనా ఆ తేడా గుర్తుపెట్టుకోవచ్చు. కింద నుంచి తేమ పాకే గోడకి మాత్రం ఏ సిమెంటూ మందు కాదు. మేం అడుగు భాగం గీకి, ఉప్పంతా బ్రష్‌తో దులిపి, నెలలపాటు ఆరనిచ్చాకే మొదలుపెట్టాం. అయినా పునాది దగ్గర తేమ ఆపే పొర లేని ఇల్లు మాది, మళ్లీ ఉప్పు తేలదని నేను సంతకం పెట్టను.

తడపడం అంటే మా ఊళ్లో చిన్న విషయం కాదు. చెరువుల నీళ్లు ఉప్పు. ఆ ఉప్పునే కదా గోడలోంచి తోలుతున్నాం, మళ్లీ దాంతోనే తడుపుతామా? మంచినీళ్లు కావాలి. పంచాయతీ కుళాయి పొద్దున కాసేపే వస్తుంది. మేం తాగేది టిన్ను నీళ్లు. "మనుషులకి కొనుక్కుంటున్నాం, గోడకి కుళాయి నీళ్లా" అని అమ్మ విసుక్కుంది. తర్వాత తనే రెండు డ్రమ్ములు పట్టి పెట్టింది. పర్యావరణహిత సిమెంట్ గురించి మాట్లాడేవాళ్లు ఈ డ్రమ్ముల గురించి మాట్లాడటం నేను వినలేదు.

పర్యావరణం అన్నాను కాబట్టి ఒక్క మాట. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంట్ వాటా. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. ఆ బొగ్గు పొగ కంటే రాయిలోంచి విడుదలయ్యే గ్యాసే ఎక్కువ. కాబట్టి సోలార్ పెట్టినా సగానికి పైగా అలాగే ఉంటుంది. తగ్గాలంటే బస్తాలో కాల్చిన రాయి తగ్గాలి. మన దేశంలో అమ్ముడయ్యే సిమెంట్‌లో ఎక్కువ భాగం ఇప్పటికే పీపీసీ, అంటే మీ పక్కింటాయన తెలియకుండానే పర్యావరణ ప్రేమికుడు. కాకపోతే బొగ్గు ప్లాంట్లు తగ్గితే ఆ బూడిదా తగ్గుతుంది. అందుకే ఇప్పుడు చూపు మట్టి మీద పడింది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 అనే సిమెంట్. స్విట్జర్లాండ్, క్యూబా, మన ఐఐటీల వాళ్లు కలిసి తయారుచేశారు. 2023లో దానికి ఐఎస్ 18189 అని మన ప్రమాణం కూడా వచ్చింది. దానికి కావాల్సింది కయోలినైట్ ఉన్న మట్టి. మా ద్వారకాతిరుమల వైపు దొరికే బాల్ క్లే ఆ జాతిదే. చినవెంకన్న దర్శనానికి వెళ్లినప్పుడల్లా పక్కనున్న తెల్లమట్టిని ఎన్నిసార్లు చూసి ఉంటానో, ఒక్కసారి కూడా తట్టలేదు.

ప్లాస్టింగ్ మార్చిలో అయిపోయింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. నాన్న రోజూ రెండు పూటలా గోనెపట్టాలు తడిపి ఫొటో పెట్టేవారు. 'డే 1', 'డే 2' అని కింద రాసి మరీ. 14 దాటినా ఆపలేదు. 'డే 19' ఫొటోలో గోడతో పాటు ఆయన సెల్ఫీ కూడా ఉంది.

మొన్న లింక్డ్‌ఇన్‌లో మా కాలేజీ జూనియర్ ఒకతను మెసేజ్ చేశాడు. మా రిపోర్ట్ లైబ్రరీలో దొరికిందట. ఊక బూడిద మీదే వాళ్ల ప్రాజెక్ట్ కూడా. "అన్నా, మీ టేబుల్ 4 ఎక్సెల్ ఉంటే పంపుతారా? రిఫరెన్స్ కోసం."

చాలాసేపు టైప్ చేసి చెరిపి, చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాను. చివరి కాలమ్ మేం పరీక్ష చేసింది కాదు, 0.65తో భాగించింది, అది వాడొద్దు. మీరు క్యూబులు పోయండి, బూడిద ఏ మిల్లుదో రాయండి, 28కి ఆగకండి, కుదిరితే 56, 90 రోజులకి కూడా పగలగొట్టండి అని.

బ్లూ టిక్ పడింది. కాసేపు టైపింగ్ అని కనిపించింది.

"థాంక్స్ అన్నా. కానీ సబ్మిషన్ వచ్చే శుక్రవారం."